లారమ్మ ముక్కులో కర్పూరం

శుక్రవారం

ఈ నెల ఊరి దినచర్య రాసే వంతు నాది. రాసేవాళ్లకి మబ్బు వలలు పిండే పని ఉండదు. వంతు నేనే అడిగి తీసుకున్నాను. కారణం అదే.

నీళ్లు: మబ్బుని పట్టే వలల నుంచి పద్నాలుగు బిందెలు దిగాయి. మామూలే.

సరుకులు: కింద నుంచి డ్రైవరు లేని బండి వచ్చింది. ఎప్పటిలాగే తొమ్మిదో మలుపు దగ్గర ఆగింది. "ఈ వాలు నా సామర్థ్యానికి మించినది, క్షమించగలరు" అని చెప్పి, సరుకులు దింపించుకుని వెనక్కి వెళ్లిపోయింది. కొండచరియ విరిగిపడ్డాక రోడ్డును నిటారుగా మళ్లీ వేసిన నాటి నుంచీ ఇంతే. బియ్యం, నూనె, మందులు కావిళ్ల మీద మా ఊరు మబ్బుగెడ్డకి మోసుకొచ్చాం.

ఈసారి బండిలోంచి మేక కూడా దిగింది. అది మార్గ మండలి వారి తనిఖీ యంత్రం. నాలుగు కాళ్లు, పొడుగు మెడ, నుదుట ఒకే కన్ను. ఎత్తు మేకంతే కాబట్టి ఊళ్లో అందరూ దాన్ని మేక అనే అంటారు. తొమ్మిదో మలుపు నుంచి నడిచి వచ్చి, వలల మెట్ట మీద నిలబడి ఇలా చదివింది:

"గత తనిఖీ తరువాత ఈ మార్గమున సరుకు వాహనమేదీ సొంత బలముతో మబ్బుగెడ్డ చేరలేదు. వచ్చే శుక్రవారము లోపల ఒక్కటైనను చేరని పక్షమున మార్గము పటము నుండి తొలగించబడును. నివాసులు తీరపు వరుస ఇళ్లకు తరలించబడుదురు. నేను ఇచ్చట ఉన్నంత కాలము మార్గము పటములో ఉండును. నేను వెళ్లిన పిమ్మట తీర్మానము అమలగును."

పటం నుంచి పోతే మరమ్మతు యంత్రాలు రావు. కల్వర్టులు కొట్టుకుపోవడానికి ఒక్క వానాకాలం చాలు. అవతలి కొండ మీది కందివలస అలాగే ఖాళీ అయింది. వాళ్ల కుక్కలు ఇప్పుడు మా ఊళ్లో ఉన్నాయి.

మేక చదవడం ముగించగానే పంపులు బాగుచేసే తవిటినాయుడు రేకుల షెడ్డు వైపు చూశాడు.

"బండి నేదంటారేటి? ఉన్నాది కదా," అన్నాడు.

షెడ్డులో ఉన్నది లారమ్మ. ఈ కొండ మీద మిగిలిన ఆఖరి లారీ. పొగ వదిలే వాహనాలన్నీ కరిగించాలని ఉత్తరువు వచ్చిన రోజుల్లో, మా పెద్దవాళ్లు దానికి పసుపు పూసి, వెండి కళ్లు అతికించి, అమ్మవారని చెప్పారు. ఊరంతా కలిసి పూజించే వస్తువును ఊరి ఒప్పుదల లేకుండా కదిలించరాదని నిబంధన. కరిగించడానికి వచ్చినవాళ్లు దండం పెట్టి వెళ్లిపోయారు. అది నాటకమని మా తరానికి తెలుసు. తరవాతి తరానికి ఎవరూ చెప్పలేదు. పూజారిణి పైడమ్మకి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. అప్పట్లో ఆ లారీ నడిపినాయన ఆమె మామగారు. పూజ మొదలుపెట్టింది ఆమె అత్తగారు.

తవిటినాయుడు పైడమ్మకి మరిది. అతని మాట వినగానే ఆమె కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని షెడ్డు ముందు నిలబడింది.

"నా తల్లి కడుపు కోస్తానంటావేట్రా తవిటీ? నీ సేతులిరిగిపోనూ!"

"కొయ్యడం కాదు వదినా. ఇప్పి సూడ్డం."

"నిన్నిప్పి సూత్తాను, రా!"

సాయంత్రం పూజ మామూలుగానే జరిగింది. పైడమ్మ లారీ ఎక్కి, స్టీరింగుకి బొట్టు పెట్టి, అత్తగారు నేర్పిన ముద్రలు పట్టింది: ఎడమ కాలు కిందికి, కర్ర ముందుకి, కాలు పైకి, మళ్లీ కాలు కిందికి, కర్ర వెనక్కి. తరవాత దిగి, క్యాబిను పక్కన నిలువుగా ఉన్న గొట్టంలో కర్పూరం వెలిగించి, గరిటెడు నెయ్యి పోసింది. మేక పక్కన నిలబడి అంతా చూసింది.

శనివారం

వలలు: గాలి వల్ల రెండు చిరిగాయి.

పంచాయితీ మూడుసార్లు కూర్చుంది, మూడుసార్లూ లేచింది. ఇంజను విప్పాలని సగం ఊరు, వద్దని సగం. పైడమ్మ భోజనానికి కూడా కత్తి వదలలేదు.

చీకటి పడేముందు ఆమె మా ఇంటికి ఉప్పు అడగడానికి వచ్చింది. పట్నంలో పత్రికలకి రాసి వచ్చానని ఊరంతా నన్ను పేపరమ్మ అంటారు. నాకు అన్నీ తెలుసనుకుంటారు. నేను కాదనను.

"పేపరమ్మా, లారీకి ఊపిరి ఎక్కణ్ణించి ఆడతాది?"

"క్యాబిను పక్కన నిలువు గొట్టం ఉంది చూడు, అందులోంచి."

"ఆ గొట్టమేనా? మనం కప్పురం ఎలిగిత్తామూ..."

"అదే."

"మరి లోపలికెల్లి ఏటవుతాది?"

గాలి నూనెతో కలిసి మండుతుందనీ, మండగా మిగిలిన మసి నల్లగా పేరుకుంటుందనీ, మసి ఎక్కువైతే దారి మూసుకుపోతుందనీ చెప్పాను. కర్పూరం మసి, అందులో నెయ్యి కూడా కలిస్తే ఏమవుతుందో చెప్పలేదు. ఆమె వంటింటి మనిషి. చెప్పనక్కర్లేదు.

వెళ్లేటప్పుడు ఉప్పు మరిచిపోయింది.

ఆదివారం

పొద్దున్నే పైడమ్మకి పూనకం వచ్చింది. వేపమండలు పట్టుకుని, జుట్టు విరబోసుకుని, షెడ్డు నుంచి వలల మెట్ట దాకా ఊగుతూ వచ్చింది. గొంతు మారిపోయింది.

"ఒరే! నా బిడ్డల్లారా! ఎన్నేళ్లగానో నా ముక్కులో కప్పురం ముట్టిత్తన్నారు! ఆ పైని నెయ్యి పోత్తన్నారు! మీ ముక్కుల్లో ఎవులైనా పోత్తే తెలుత్తాదిరా మీకు!"

ఊరు ఊరంతా చెంపలు వాయించుకుంది.

తవిటినాయుడు సాష్టాంగపడ్డాడు. "తప్పయిపోనాది తల్లీ! ఏటి సెయ్యమంటావు?"

"కుంకుళ్లు నానబెట్టండి! నా పేగులు కడగండి! ఇనప సీపుళ్లు తగిలించినోడి కళ్లు పోతాయి!"

మేక ముందుకొచ్చింది. "ఈ మహిళ స్వరము మారినది. వైద్య సహాయము అవసరమా?"

"నోర్ముయ్యే మేకా, అమ్మ మాటాడతన్నాది," అంది ఎవరో ముసలావిడ.

మేక నోరు మూసుకుంది. నిజానికి దానికి నోరు లేదు, కంటి దీపం ఆర్పుకుంది.

ఇక్కడ జరిగినది జరిగినట్టు రాయడమే నా పని. అమ్మ చెప్పిన ప్రతి మాటా నిజం. ఇనుప బ్రష్షుతో గీకితే లోపలి లోహం పాడవుతుందన్న మాట మాత్రం నేను శనివారం చెప్పలేదు. అదెలా తెలిసిందని తరవాత అడిగితే, "గిన్నెలు తోమినోళ్లకి తెల్దేటి?" అంది పైడమ్మ.

సోమవారం

ఇంజను విప్పారు. తవిటినాయుడు డీజిలు ఇంజను లోపల ఇంతకుముందు చూడలేదు. అందుకని విప్పిన ప్రతి ముక్కనీ గోడ మీద అదే వరసలో మేకుకి తగిలించాడు.

నిలువు గొట్టం లోపల కర్పూరం మసి, నెయ్యి కలిసి కాటుకలా గట్టిపడి ఉన్నాయి. అరచెయ్యి దూరాల్సిన చోట బొటనవేలు దూరింది. తలుపుల్లా తెరుచుకుని మూసుకోవాల్సిన వాల్వుల మీద నల్లటి పెచ్చు. పిస్టన్ల నెత్తిన పాత మసి ఒక పొర, దాని మీద కుంకుమ ఒక పొర. ఒక వాల్వు సందులో అక్షింతలు దొరికాయి.

మిగతా లారీ బాగానే ఉంది. ఏటా జాతరకి తాళ్లతో ఊరి చుట్టూ లాగుతారు కాబట్టి చక్రాలు తిరుగుతున్నాయి, వాటికి రబ్బరు కూడా మారుస్తూ వచ్చారు. ప్రతి శుక్రవారం ముద్రలు పడతారు కాబట్టి గేర్లు బిగుసుకుపోలేదు. చక్రాల్నీ గేర్లనీ భక్తి బతికించింది. ఇంజన్ని చంపింది కూడా భక్తే.

ముక్కలన్నీ వేడి కుంకుడు నీళ్లలో నానబెట్టారు. నానినవాటిని వెదురుపుల్లలతో గీకారు. పుల్ల చేరని సందుల కోసం తవిటినాయుడు పంపు గాలిగొట్టానికి డబ్బా కట్టి, దంచిన చింతపిక్కల రవ్వ అందులో పోసి ఊదాడు. మసి పెచ్చులుగా రాలింది, లోహం గీరుకోలేదు. చింతపిక్కలాట ఆడేవాళ్లు తమ పిక్కలు పోయాయని ఫిర్యాదు చేశారు. నమోదు చేశాను.

మంగళవారం

పొగ గొట్టం దగ్గర పని ఆగిపోయింది.

ఆ గొట్టం లారమ్మకి మొక్కులు చెల్లించే చోటు. కోరిక అనుకుని గాజో, పసుపుకొమ్మో, చెక్కబొమ్మో అందులో వేస్తారు. ఒకరి మొక్కు ఇంకొకరు ముట్టుకుంటే కోరిక తిరగబడుతుంది. తవిటినాయుడు కొక్కెం పట్టుకుని గంట నిలబడ్డాడు, గొట్టం మాత్రం ముట్టలేదు.

చివరికి ఎవరి మొక్కు వాళ్లే తీసుకోవాలని తేల్చారు. ఊరంతా వరసలో నిలబడింది. చెక్కబొమ్మలు, గాజులు, వెంట్రుకల ముడులు, ఎవరిదో కట్టుడు పన్ను బయటికొచ్చాయి. మధ్యలో అప్పలకొండ ఒక ఎర్రగాజు తీస్తూ, తన కూతురికి గెడ్డవీధి సంబంధం కుదరాలని మొక్కానంది. వెనకే నిలబడ్డ పెళ్లికొడుకు తల్లి పసుపుకొమ్ము తీస్తూ, అదే సంబంధం తప్పిపోవాలని తను మొక్కానంది. పెళ్లయి ఆరేళ్లయింది. ఇద్దరూ వియ్యపురాళ్లు.

"అందుకే నా కూతురు నీ కొంపలో ఏడుత్తన్నాది!"

"ఏడ్చేది నానే! అమ్మ నీ మాటే ఇన్నాది!"

మేక కన్ను ఒకరి మీంచి ఇంకొకరి మీదికి తిప్పింది. "విరుద్ధమైన రెండు అర్జీలు ఒకే కార్యాలయమున దాఖలైనవి. ముందు వచ్చినదానికి ప్రాధాన్యము," అంది. వియ్యపురాళ్లిద్దరూ కలిసి దాన్ని తిట్టారు. అలా రాజీ కుదిరింది.

అందరికన్నా చివర పైడమ్మ వచ్చింది. భుజం దాకా చెయ్యి పెట్టి, ఎండి నల్లబడిన పసుపుకొమ్ము ఒకటి తీసింది.

"నువ్వేటి మొక్కినావు వదినా?" అన్నాడు తవిటినాయుడు.

"ఈ బండి ఎప్పుడూ కదలకూడదని."

"మరి తీసెత్తన్నావేటి?"

"ఇన్నాళ్లు కదల్నేదు కదా. తల్లి నా మాట ఇన్నాది. ఇంక సాలు."

కొమ్మును కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. షెడ్డులో ఒత్తులు చేసుకోవడం తప్ప ఆమెకి వేరే పని రాదు. తీరపు వరుస ఇళ్లలో గుళ్లు లేవు.

బుధవారం

ఇంజను బిగించారు. ఒక నట్టు మిగిలింది. పైడమ్మ దాన్ని హారతి పళ్లెంలో పెట్టింది.

దీపాల కోసం గానుగాడించిన కానుగ నూనె టాంకులో పోశారు. పంపుల బ్యాటరీలు నాలుగు వరసగా కలిపారు. తవిటినాయుడు తాళం తిప్పాడు. దగ్గింది. మళ్లీ తిప్పాడు. లోపల ఎవరో గొంతులో అడ్డంపడింది కక్కినట్టు శబ్దం చేసి, లారమ్మ లేచింది.

తరవాత ఊరు కనిపించలేదు.

పొగ పోయాక చూస్తే మబ్బు వలలన్నీ నల్లగా ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం బూడిదరంగులో ఉడికింది. అందరి పళ్లూ నల్లబడ్డాయి. ఎవరూ బాధపడలేదు, ఒకరి పళ్లు చూసి ఒకరు నవ్వుతూనే ఉన్నారు.

మేక మాత్రం నవ్వలేదు.

"వాహనము పరుగు ముగిసిన పిమ్మట దాని పొగ గొట్టమునకు తెల్లబట్ట పట్టబడును. బట్ట నల్లబడిన యెడల వాహనము కరిగింపునకు పోవును."

"ఇది వాహనం కాదు, అమ్మోరు," అన్నారెవరో. "సాంబ్రాణి పొగనుకో."

"పూజా ధూపమునకు మినహాయింపు ఉన్నది. కాని దేవత చేరిక, వాహనము చేరికగా లెక్కకు రాదు. ఒక వస్తువు ఒక పట్టికలో మాత్రమే ఉండవలెను. శుక్రవారము బయలుదేరుటకు ముందు పూజారిణి చెప్పవలెను: ఇది వాహనమా, దేవతా?"

అందరూ పైడమ్మ వైపు చూశారు. ఆమె కొంగు ముడి తడుముకుంటోంది.

గురువారం

వలలు: ఉతికాం. దినచర్య రాసేవాళ్లకి కూడా మినహాయింపు లేదన్నారు.

నూనె చిమ్మే ముక్కుల చివర సన్నటి రంధ్రాలు ఇంకా మూసుకునే ఉన్నాయని తవిటినాయుడు కనిపెట్టాడు. నూనె తుంపరలా కాక ధారలా పడుతోంది. ధారగా పడిన నూనె పూర్తిగా మండదు. మండనిదంతా మసి. ముక్కులు విప్పి, వేడి కుంకుడు నీళ్లలో మళ్లీ ఉడికించి, రంధ్రాల్లో గుర్రపు వెంట్రుక దూర్చి శుభ్రం చేశాడు. గుర్రం అప్పలకొండది. గుర్రం అభిప్రాయం నమోదు చేయలేదు.

ఈసారి పొగ పల్చగా వచ్చింది. సాయంత్రానికి ఇంకా పల్చబడింది. మిగిలిన మసి రేపు ఎత్తు ఎక్కేటప్పుడు వేడికి అదే కాలిపోవచ్చునని అన్నాడు. కాలకపోవచ్చునని కూడా అన్నాడు.

శుక్రవారం

పొద్దున్న లారమ్మ ముందు ఊరంతా నిలబడింది. మేక అడిగింది: "వాహనమా, దేవతా?"

పైడమ్మ లారీ ముఖం నుంచి వెండి కళ్లు ఒలిచి కొంగులో వేసుకుంది.

"వాహనం," అంది. "రాసుకో."

ఎవరు నడపాలన్న ప్రశ్న అప్పుడొచ్చింది. తవిటినాయుడికి ఇంజను తెలుసు గాని నడపడం తెలియదు. పైడమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. ఎడమ కాలు కిందికి, కర్ర ముందుకి, కాలు పైకి. లారీ కదిలింది. అత్తగారు నేర్పిన ముద్రల్లో ఆపడం ఎలాగో లేదని మాకు మొదటి మలుపులో తెలిసింది. రెండో మలుపులో ఆమె స్వయంగా కనిపెట్టింది. మేక ఆమె పక్క సీట్లో ఉంది. నేను వెనక ఉన్నాను. తవిటినాయుడు కళ్లు మూసుకుని ఉన్నాడు.

తొమ్మిదో మలుపు దగ్గర సరుకుల బండి "ఈ వాలు నా సామర్థ్యానికి" అంటుండగానే బస్తాలన్నీ లారీలోకి ఎక్కించాం. వెనక్కి తిప్పి ఎక్కడం మొదలుపెట్టింది పైడమ్మ. వాలు నిటారైన చోట ఇంజను గొంతు పడిపోయింది. "కర్ర ముందుకి! మొదటి ముద్ర పట్టు వదినా!" అని తవిటినాయుడు అరిచాడు. పట్టింది. పొగ గొట్టంలోంచి ఎవరూ తీసుకోని గాజు ఒకటి తుపాకీ గుండులా ఎగిరి లోయలో పడింది. తరవాత శబ్దం తేలికైంది. బండి ఎక్కింది.

ఊరు డప్పులతో ఎదురొచ్చింది. మేక దిగి, పొగ గొట్టానికి తెల్లబట్ట పట్టింది. డప్పులు ఆగాయి.

బట్ట బూడిదరంగుకి తిరిగింది. విభూతి రంగు.

"నలుపు కాదు. తెలుపును కాదు," అంది మేక. "నిర్ణయించుటకు నాకు అధికారము లేదు. బట్టను మండలికి చూపుటకు నేను నేడే కిందికి పోవలెను."

అది వెళితే ఏమవుతుందో మొదటి శుక్రవారమే చెప్పింది. మండలి ఎలా నిర్ణయిస్తుందో కందివలస కుక్కలకి కూడా తెలుసు.

పైడమ్మ వేపచెట్టు వైపు నడిచింది. మండ విరిచింది. జుట్టు ముడి విప్పింది.

"ఒరే నా బిడ్డల్లారా!" గొంతు కొండంతా మారుమోగింది. "ఆ బండి నాకు ఇరుకైపోనాది! పొగ పడ్నేదు! దిగిపోనాను! ఇదిగో, ఈ మేకలోకి ఒచ్చీసినాను!"

ఆ తరవాత మా ఊరి వేగం చూడాలి. మేక ఒక అడుగు వేసేలోపు మెడలో బంతిపూల దండ పడింది. నుదుట పసుపు. ముందు కాళ్ల దగ్గర కొబ్బరికాయ పగిలింది. వియ్యపురాళ్లిద్దరూ చెరో పక్క నిలబడి హారతి పట్టారు. పైడమ్మ కొంగులోంచి వెండి కళ్లు తీసి, దాని ఒంటికన్నుకి అటొకటి ఇటొకటి అతికించింది.

"నేను తనిఖీ యంత్రమును," అంది మేక.

"అవునమ్మా, అవును," అని ఊరంతా దండం పెట్టింది.

మేక దీపం చాలాసేపు మిణుకుమంది. నిబంధనలు తిరగేస్తోందని అనుకుంటాను.

"ఊరంతా కలిసి పూజించు వస్తువును ఊరి ఒప్పుదల లేకుండా కదిలించరాదు," అంది చివరికి. "నేను పోవుటకు ఊరు ఒప్పుకొనునా?"

"ఒప్పుకోం!" అంది ఊరు.

"నేను ఇచ్చట ఉన్నంత కాలము మార్గము పటములో ఉండును," అంది మేక. అది ఎవరితో అందో చెప్పలేను. బట్టను జాగ్రత్తగా మడిచి పొట్టలోని అరలో పెట్టుకుంది.

తరవాతి శుక్రవారం

నీళ్లు: పదహారు బిందెలు, తెల్లవి.

సరుకులు: లారీ మీద వచ్చాయి. మిగిలిన నట్టు ఎక్కడిదో ఇంకా తెలియలేదు. నడుస్తోంది.

కదలలేకపోతున్నానని మేక మండలికి తెలియజేసింది. స్వయంగా వచ్చి వివరించాలని మండలి జవాబిచ్చింది. కదలలేకపోతున్నానని మేక మళ్లీ తెలియజేసింది.

సాయంత్రం షెడ్డులో మొదటి పూజ. పైడమ్మ కర్పూరం వెలిగించి మేక ముఖం దగ్గరికి తెచ్చింది.

"దయచేసి ఎడమ పక్కకు," అంది మేక. "నా గాలి రంధ్రము కుడి పక్కన ఉన్నది."

"తెల్సులే తల్లీ," అంది పైడమ్మ. "ఈపాలి ముందే అడిగి తెలుసుకున్నాను."

అడిగింది నన్నే. నిన్న ఉప్పు కోసమని వచ్చి, మళ్లీ మరిచిపోయి వెళ్లింది.